పాత చైన్ సా కార్బొరేటర్ ట్యూనింగ్: హెచ్ స్క్రూ మీద చెయ్యి వేసే ముందు

చెట్లు కోసే చైన్ సాకు బైకులా విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు. పెట్రోలులో కలిపి పోసిన ఆయిలే పిస్టనుకీ, సిలిండరుకీ, క్రాంకు బేరింగులకీ దిక్కు. కార్బొరేటర్ మీద హెచ్ అని రాసి ఉన్న స్క్రూను బిగిస్తే లోపలికి వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, దాంతోపాటు ఆయిలూ తగ్గుతుంది. సిలిండరును లోపల్నుంచి చల్లబరిచేది కూడా ఆ పెట్రోలు తడే కాబట్టి వేడి పెరుగుతుంది.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ దాకా నీలగిరి, సరుగుడు కోతలు జరిగే చోట "ఇంకొంచెం టైటు చెయ్ బావా, స్పీడొస్తాది" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. స్పీడు నిజంగానే వస్తుంది. మిషను కీచుమని పైకి లేస్తుంది, మొదటి రెండు మూడు దుంగలు చకచకా తెగుతాయి. ఆ తర్వాత వేడికి పిస్టన్ వ్యాకోచించి, ఆయిల్ పొర తెగి, సైలెన్సర్ వైపు గీతలు పడతాయి. పట్టేసిన ఇంజనుకు పిస్టన్, రింగులు, ఒక్కోసారి సిలిండరు కూడా మార్చాలి. అదే హెచ్ కాస్త వదులుగా ఉంటే? పొగ వస్తుంది, బలం కొంచెం తగ్గుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. అవన్నీ సరిచేసుకోగల తప్పులు. అనుమానం వచ్చినప్పుడు స్క్రూ ఎప్పుడూ వదులు వైపే తిప్పాలి.

ఇక్కడ చెప్పేది హెచ్, ఎల్, స్లో మూడు స్క్రూలూ ఉన్న మిషన్లకు. పాత స్టిల్, హస్క్‌వర్నా మోడళ్లు, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే 52, 58 సీసీ చైనా మిషన్లు చాలావరకు ఈ కోవలోవే. ఎల్ స్క్రూ స్లోలోనూ, రేసు అందుకునేటప్పుడూ వెళ్లే పెట్రోలును, హెచ్ ఫుల్ రేసులో వెళ్లే పెట్రోలును చూసుకుంటాయి. మూడోదానికి స్టిల్ మీద ఎల్ఏ అనీ, హస్క్‌వర్నా మీద టీ అనీ రాసి ఉంటుంది. దానికి పెట్రోలుతో పని లేదు, రేసు వదిలినప్పుడు గాలి పలకను కొద్దిగా తెరిచి ఉంచుతుంది అంతే. కొన్ని చిన్న మోడళ్లలో హెచ్ స్క్రూ ఉండదు, జెట్, అంటే పెట్రోలు వెళ్లే రంధ్రం, సైజు కంపెనీలోనే ఖాయం చేసి ఉంటుంది. వాటిలో ఎల్, స్లో సర్దుకుంటే చాలు.

స్క్రూడ్రైవర్ కంటే ముందు

ట్యూనింగ్ కుదరని మిషన్లలో ఎక్కువ వాటికి జబ్బు స్క్రూల దగ్గర ఉండదు. మురికి ఫిల్టరుతో ట్యూన్ చేసిన మిషను ఫిల్టరు కడిగిన రోజునే లీన్ అవుతుంది, అంటే గాలి పెరిగి పెట్రోలు చాలకుండా పోతుంది. అందుకే ఎయిర్ ఫిల్టరు ముందు. సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ట్యూనింగ్ చేసేటప్పుడు ఫిల్టరూ దాని మూతా బిగించే ఉండాలి. తీసేసి చేసిన సెట్టింగు, పెట్టాక పనికిరాదు.

తర్వాత సైలెన్సర్. దాని నోట్లో సన్నని జాలీ ఉంటుంది. ఆయిల్ ఎక్కువ పోసి నడిపిన మిషన్లలో అది మసితో మూసుకుపోతుంది. ఎంత తిప్పినా ఫుల్ రేసు అందని మిషనుకు చాలాసార్లు కారణం ఇదే. జాలీని వైర్ బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి. తీసి పారేయకండి, ఎండాకాలం కొండల్లో ఎండుటాకుల మీద నిప్పురవ్వ పడకుండా ఆపేది అదే.

ట్యాంకులో పైపు చివర వేలాడే పెట్రోలు ఫిల్టరును కొక్కెంలా వంచిన తీగతో బయటికి లాగి చూడండి. గోధుమరంగు జిగురు పట్టి ఉంటే కొత్తది వేయండి, కడిగి వాడేంత ఖరీదు కాదు. పైపును వేళ్ల మధ్య వంచితే పగుళ్లు కనిపిస్తున్నాయా? అక్కడ గాలి లాగుతోందన్నమాట.

చైను పదును చూసుకోండి. మొద్దు చైనుతో కోస్తే పిండిలాంటి పొట్టు వస్తుంది, ఇంజను అనవసరంగా మూలుగుతుంది, ఆ మూలుగు విని మనం తప్పు వైపు తిప్పుతాం. ఆకురాయి పట్టి, పొట్టు పెచ్చులు పెచ్చులుగా రాలేలా చేశాకే ట్యూనింగుకు కూర్చోవాలి.

పెట్రోలు సంగతి

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత మిషనుకు దీంతో రెండు ఇబ్బందులు. మొదటిది, ఇథనాల్ మండటానికి పెట్రోలంత గాలి అక్కర్లేదు, కాబట్టి అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. పదేళ్ల కిందట మామూలు పెట్రోలుతో సెట్ చేసి, స్క్రూ ముట్టుకోకుండా దాచిన మిషను ఈ రోజు బంకు పెట్రోలుతో లీన్‌గా నడుస్తుంది. ఏళ్ల తరబడి బాగా నడిచిన మిషను ఉన్నట్టుండి పట్టేయడానికి ఇదొక కారణం. రెండోది, ఇథనాల్ తేమను పీలుస్తుంది. వానాకాలంలో సగం ఖాళీ డబ్బాలో నెలలు నిల్వ ఉంచితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. గాజు సీసాలో కొంచెం పోసి వెలుతురుకు పట్టి చూస్తే అడుగున వేరే పొర తెలిసిపోతుంది. ట్యాంకులో పైపు లాగేది అడుగు నుంచే కదా. నెల దాటిన కలిపిన పెట్రోలు చైన్ సాలో పోయకండి.

ఆయిల్ కొలతకు మెడికల్ షాపులో దొరికే 20 మి.లీ. సిరంజికి మించిన సాధనం లేదు. 1:50 పాళ్లకు లీటరు పెట్రోలుకు 20 మి.లీ., 1:25కు 40 మి.లీ. ఐదు లీటర్ల డబ్బాకైతే 100 మి.లీ., 200 మి.లీ. చైనా మిషన్ల పుస్తకాల్లో ఎక్కువగా 1:25 అని ఉంటుంది. మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌తో స్టిల్, హస్క్‌వర్నాలకు 1:50 సరిపోతుంది. బరంపురం, గోపాల్‌పూర్ తీరాన పడవ మోటార్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ సులువుగా దొరుకుతుంది, కానీ అది నీళ్లతో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. గాలితో చల్లబడే చైన్ సా వేడికి అది నిలవదు. డబ్బా మీద జాసో ఎఫ్‌డి (టూ స్ట్రోక్ ఆయిల్ గ్రేడు) అని ఉన్నది తీసుకోండి.

ఒక అపోహ బాగా నాటుకుపోయింది: ఆయిల్ ఎక్కువ పోస్తే మిషను రిచ్ అవుతుందని, అంటే గాలికి మించి పెట్రోలు వెళ్తుందని. జరిగేది తలకిందులు. అదే రంధ్రంలోంచి వెళ్లే దాంట్లో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, మిషను లీన్ వైపు జరుగుతుంది. పాళ్లు మార్చిన ప్రతిసారీ హెచ్ మళ్లీ చూసుకోవాలి.

మూలన పడి ఉన్న మిషనైతే

ఏడాదికి మించి కదపని మిషనుకు నేరుగా ట్యూనింగ్ చేయడం దండగ. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న దాటినప్పుడు గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో చెట్లు రోడ్లకు అడ్డం పడ్డాయి, కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అలాంటి రోజున అటక మీద నుంచి దింపిన మిషను తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు. ఎందుకంటే కార్బొరేటర్ లోపలి డయాఫ్రం, అంటే పలచటి రబ్బరు పొర, ఎండిపోయి ఉంటుంది. కింద చెప్పే పని తుపాన్లకు ముందే, సెప్టెంబరులోనే చేసి పెట్టుకోవాలి.

కార్బొరేటర్‌కు రెండు వైపులా మూతలుంటాయి. ఒక వైపు నాలుగు స్క్రూల మూత, మధ్యలో చిన్న గాలి రంధ్రం ఉంటుంది. దాని కింద ఉండేది పెట్రోలును కొలిచి వదిలే డయాఫ్రం. రెండో వైపు పంపు డయాఫ్రం, దాని కింద చిన్న గోరంత జాలీ. కొలత డయాఫ్రంను తీసి వేలి కొసతో మెల్లగా నొక్కండి. మంచిది బుడగ రబ్బరులా మెత్తగా లోపలికి వెళ్లి చప్పుడు లేకుండా తిరిగి వస్తుంది. పాడైనది అప్పడంలా బిగుసుకుని, నొక్కితే టిక్కుమంటుంది. అలా టిక్కుమన్నది ఎంత బాగా కనిపించినా పనికిరాదు. రెండు డయాఫ్రంలు, గాస్కెట్లు (మూతల కింద వేసే పలచటి అట్టలు), సూది, జాలీ కలిపి కిట్టుగా దొరుకుతాయి. కార్బొరేటర్ ఒంటి మీద వాల్‌బ్రో లేదా జామా అనీ, పక్కన నంబరూ చెక్కి ఉంటాయి. ఆ నంబరు చెప్పి కొనాలి, మిషను పేరు చెప్పి కాదు.

మళ్లీ బిగించేటప్పుడు వరుస తప్పితే అంతే సంగతులు. కొలత వైపు ముందు గాస్కెట్, దాని మీద డయాఫ్రం, పైన మూత. పంపు వైపు మాత్రం ముందు డయాఫ్రం, దాని మీద గాస్కెట్, తర్వాత మూత. విప్పే ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. డయాఫ్రం కింద చిన్న లివర్ ఉంటుంది, దాని ఎత్తు మోడలును బట్టి మారుతుంది. తీసే ముందు వెర్నియర్‌తో కొలిచి, బిగించాక అదే కొలతకు తేవాలి. పైకి వంగితే మిషను పెట్రోలులో మునుగుతుంది, కిందికి దిగితే ఆకలితో ఆగిపోతుంది. కన్నాల్లో తీగలు గుచ్చకండి, కార్బొరేటర్ క్లీనర్ కొట్టి వదిలేయండి. డయాఫ్రంలు లోపల ఉండగా కంప్రెసర్ గాలి మాత్రం పెట్టొద్దు, చిరిగిపోతాయి.

ఇక ట్యూనింగ్

ఆరుబయట, నేల మీద పెట్టి చేయండి. పట్టా (చైను తిరిగే పొడవాటి పలక), చైను బిగించి, చైన్ ఆయిల్ పోసి ఉండాలి. పట్టా లేకుండా చేస్తే ఇంజను మీద భారం తగ్గి సెట్టింగు తప్పుతుంది. తువ్వాలు, వదులు చొక్కా, లుంగీ వద్దు. వెనక పిడిలోకి కుడి పాదం ముందు భాగం పెట్టి నొక్కి పట్టుకోండి. పట్టా కొన దేనికీ తగలకూడదు.

ఇంజను ఆపి ఉండగానే హెచ్, ఎల్ రెండింటినీ కుడివైపు తిప్పుతూ మెత్తగా ఆగే దాకా మూయండి. ఆగిన చోట ఆపేయాలి. బిగిస్తే స్క్రూ సూదిమొన గూట్లో గాడి పడి, ఆ కార్బొరేటర్ ఇక ఎప్పటికీ నికరంగా ట్యూన్ కాదు. మూసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి రాసుకోండి, పాత సెట్టింగుకు వెళ్లాలంటే అదే ఆధారం. తర్వాత రెండింటినీ ఎడమవైపు ఒక్కో చుట్టు వదులు చేయండి. చాలా పాత మిషన్లకు ఇది మొదటి సెట్టింగు. పుస్తకంలో వేరే అంకె ఉంటే దానిదే మాట. హెచ్‌ను ఇంకో పావు చుట్టు వదులు చేసి మొదలుపెడితే భయం ఉండదు.

స్టార్ట్ చేసి, ఏదైనా దుంగ మీద మూడు నాలుగు నిమిషాలు కోత కోయండి. చల్లటి ఇంజనుకు చేసిన ట్యూనింగ్ వేడెక్కాక నిలవదు.

ముందు ఎల్. మిషను స్లోలో తిరుగుతుండగా ఎల్‌ను మెల్లగా కుడికి తిప్పండి. స్పీడు పెరుగుతూ వచ్చి ఒక చోట తడబడి ఆగబోతుంది. ఇప్పుడు ఎడమకు తిప్పండి. మళ్లీ పెరిగి, తర్వాత నీరసపడి పొగ కక్కుతుంది. ఈ రెండింటి మధ్య స్పీడు ఎక్కువగా ఉన్న చోటు పట్టుకుని, అక్కడి నుంచి పావు చుట్టుకు కాస్త తక్కువగా ఎడమకు వదలండి. మధ్యలో చైను తిరగడం మొదలైతే స్లో స్క్రూ కొంచెం తగ్గించి కొనసాగండి. పరీక్ష తేలిక. రేసు ఒక్కసారిగా నొక్కితే మిషను వెంటనే అందుకోవాలి. మింగుడుపడనట్టు తగ్గి ఆగిపోతే ఎల్ చాలలేదు, అరపావు చుట్టు ఎడమకు. గొంతులో నీళ్లున్నట్టు గరగరలాడి, పొగ వదిలి, ఆలస్యంగా అందుకుంటే ఎక్కువైంది, కొంచెం కుడికి. అరపావు చుట్టంటే గడియారంలో పెద్ద ముల్లు ఏడెనిమిది నిమిషాలు జరిగినంత.

తర్వాత స్లో. చైన్ బ్రేకు వదిలి ఉండగా మిషను ఆగకుండా తిరగాలి, చైను కదలకూడదు. టాకోమీటర్ (నిమిషానికి ఎన్ని చుట్లో చూపే మీటరు) ఉంటే 2,500 నుంచి 2,800 మధ్య చాలా మోడళ్లకు సరిపోతుంది.

చివరగా హెచ్. చైన్ బ్రేకు వదిలే ఉండాలి, బ్రేకు వేసి ఫుల్ రేసు ఇస్తే క్లచ్ మాడిపోతుంది. ఫుల్ రేసు నాలుగైదు సెకన్లకు మించి పట్టకండి. స్క్రూ తిప్పడం స్లోలో, వినడం ఫుల్ రేసులో. ఇలా విడదీసుకుంటే చేతులు ఖాళీ లేక తడబడే ప్రమాదం ఉండదు.

వినాల్సింది ఇది. హెచ్ వదులుగా ఉన్నప్పుడు ఫుల్ రేసులో శబ్దం నున్నగా ఉండదు, ముక్కలు ముక్కలుగా బర్ర్‌ర్ మంటుంది, పాత బుల్లెట్ బండి మెత్తగా గుర్రుమన్నట్టు. పెట్రోలు ఎక్కువై కొన్ని చుట్లలో మంట అంటుకోక తప్పిపోవడమే ఆ శబ్దం. మెకానిక్కులు దీన్నే ఫోర్ స్ట్రోకింగ్ అంటారు. అరపావు చొప్పున కుడికి తిప్పుతూ పోతే ఆ బర్ర్ సన్నబడి, ఒక చోట ఒక్కసారిగా మాయమై నున్నటి కీచుగా మారుతుంది. ఆ కీచు వచ్చిన చోటు హద్దు. అక్కడి నుంచి వెనక్కి, బర్ర్ మళ్లీ స్పష్టంగా వినబడే దాకా ఎడమకు వదిలి ఆపండి.

ఆ తర్వాత 25, 30 సెం.మీ. లావున్న దుంగ మీద పెట్టి కోయండి. చైను కర్రలోకి దిగగానే స్పీడు తగ్గి, బర్ర్ పోయి, శబ్దం శుభ్రంగా నిండుగా రావాలి. మిషను కొంచెం ఎత్తితే బర్ర్ మళ్లీ రావాలి. దించితే శుభ్రం, ఎత్తితే బర్ర్. ఇలా మూడుసార్లు వస్తే హెచ్ కుదిరినట్టే. కోతలోనూ బర్ర్ పోకపోతే ఇంకో అరపావు కుడికి. ఎత్తినా బర్ర్ రాకపోతే వెంటనే ఎడమకు. టాకోమీటర్ ఉన్నవాళ్లు పుస్తకంలో రాసిన గరిష్ఠ స్పీడుకు నాలుగైదు వందలు తక్కువగా ఉంచుకోవడం మేలు. కొత్తతరం మధ్యరకం మిషన్లు 12,500 నుంచి 13,500 దాకా తిరుగుతాయి, పాత పెద్ద మిషన్లు అంత తిరగవు. పక్కవాడి మిషను అంకె మన మిషనుకు పెట్టకూడదు. హెచ్ అయ్యాక ఎల్, స్లో ఒకసారి మళ్లీ చూసుకోండి, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఉంటుంది.

ఘాట్ ఎక్కినా దిగినా

మన సరిహద్దు జిల్లాల్లో పనిచేసేవాళ్లకు ఇది మిగతా అన్నిటికంటే ముఖ్యం. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కొరాపుట్ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తుకు వస్తాం. అక్కడ గాలి తీరం కంటే 8 శాతం దాకా పలచన. కింద ట్యూన్ చేసిన మిషను పైన రిచ్ అవుతుంది, పొగ, నీరసం. ఇది కనిపించే తప్పు, హెచ్ అరపావు బిగిస్తే పోతుంది.

ప్రమాదం దిగేటప్పుడే. కొరాపుట్‌లో చక్కగా ట్యూన్ చేసిన మిషనును రాయగడకో, గుణుపురానికో దింపి ఆ సెట్టింగుతోనే కోతకు పెడితే అది లీన్. శబ్దం బాగుంటుంది, స్పీడు బాగుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఘాట్ దిగాక మొదటి కోతకు ముందే హెచ్ అరపావు చుట్టు వదులు చేసి, తర్వాత వినండి.

చలి కూడా అదే పని చేస్తుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో చేసిన సెట్టింగుకు, డిసెంబరు తెల్లవారు 8 డిగ్రీల చలిలో గాలి 12 శాతం చిక్కబడుతుంది. ఏజెన్సీ ఊళ్లలో పొద్దున్నే కోత మొదలుపెట్టేవాళ్లు చలికాలం సెట్టింగు వేరుగా పెట్టుకోవాలి.

స్క్రూలకు లొంగకపోతే

రేసు వదిలినా స్పీడు వెంటనే దిగకుండా కాసేపు పైనే వేలాడుతుంటే, ఎల్ లీన్ కావచ్చు, లేదా ఎక్కడో దొంగగాలి దూరుతోంది. ఎల్ వదులు చేసినా పోకపోతే కార్బొరేటర్‌కు సిలిండరుకు మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని వంచి పగుళ్లు చూడండి. మిషనును స్లోలో ఉంచి పక్కకు, ముందుకు వంచినప్పుడు స్పీడు మారిపోతున్నా గాలి మీదే అనుమానం. లీకు క్రాంకు షాఫ్టు చివర్ల సీళ్లదైతే వర్క్‌షాపులో ప్రెజర్ పెట్టి చూడాల్సిందే. లీకు కనిపెట్టడానికి పెట్రోలు చల్లే అలవాటు కొందరికి ఉంది, పక్కనే ఎర్రగా కాలే సైలెన్సర్ ఉంటుంది, ఆ పని అస్సలు చేయకండి. దొంగగాలి ఉన్న మిషనుకు హెచ్ వదులు చేసి సరిపెట్టుకోవడం కూడా తప్పే. లీకు పెరిగిన రోజు ఇంజను పోతుంది.

పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత విప్పితే స్‌స్ మని గాలి లోపలికి లాగి, మళ్లీ స్టార్ట్ అయితే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయింది. హెచ్ ఎటు తిప్పినా ఏ మార్పూ లేకపోతే లోపల దారి మూసుకుంది, కార్బొరేటర్ విప్పాల్సిందే. స్లో ఎంత తగ్గించినా చైను తిరుగుతూనే ఉంటే కార్బొరేటర్‌ను వదిలి క్లచ్ స్ప్రింగు చూడండి, తెగిపోయి ఉంటుంది. అలాంటి మిషనుతో చెట్టు ఎక్కకండి.

ట్యూనింగ్ అయ్యాక ఒక ట్యాంకు పెట్రోలు కోత కోసి, ఫుల్ రేసు మీదే స్విచ్ ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పండి. గ్యాపు 0.5 మి.మీ. ఉండాలి. పింగాణీ టీ రంగులో ఉంటే సరే. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే ఆ రోజుకు కోత ఆపి హెచ్ వదులు చేయండి. నల్లగా తడిగా ఉంటే కొంచెం బిగించొచ్చు. తర్వాత స్క్రూలు ఎన్ని చుట్లు వదులుగా ఉన్నాయో, ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ పాళ్ల ఆయిల్‌తో చేశారో ఫిల్టరు మూత లోపలి వైపు పర్మనెంట్ మార్కర్‌తో రాసేయండి: "హెచ్ 1¼, ఎల్ 1, కొరాపుట్, డిసెంబరు, 1:50."